మిల్లు గేటు దగ్గర తేమ 16.4 శాతం, రెండు రోజులకే నెట్టు (పేర్చిన బస్తాల దొంతర) వెచ్చబడింది: ధాన్యం దిగుమతి పరీక్షలో ఎక్కడ తప్పుతోంది?

గేటు_శాంపిల్ (తణుకు వైపు, మిల్లు దిగుమతి పని)

అందరికీ నమస్కారమండి. దాళ్వా (రబీ) ధాన్యం దిగుమతి ముమ్మరంగా నడుస్తోంది. ఏజెంటు ద్వారా వచ్చిన ఒక లారీ లెక్క ఎంత చూసినా తేలడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

వరి రకం ఎంటీయూ 1121. 270 బస్తాలు, బస్తాకు 75 కిలోలు. గేటు దగ్గర లారీ వెనక తలుపు దించి, వెనక నుంచీ రెండు పక్కల నుంచీ కలిపి ఏడు బస్తాల్లో శాంపిల్ గొట్టం గుచ్చాం. తీసిన గింజంతా ఒకే పళ్ళెంలో కలిపి మీటర్లో పోస్తే 16.4 వచ్చింది. కొనుగోలు హద్దు 17 లోపే ఉంది కదా అని దించుకున్నాం. రెండో రోజు సాయంత్రం నెట్టు మధ్యలో చెయ్యి దూర్చి చూస్తే వెచ్చగా తగిలింది. అక్కడి గింజ తీసి మీటర్లో పోస్తే 18.2. అదే గింజను చిన్న మరలో పచ్చి బియ్యంగా (ఉడికించకుండా) ఆడిస్తే నూక 31 శాతం.

నా సందేహాలు మూడు. మీటరు తప్పు చూపిందా, శాంపిల్ తియ్యడంలోనే తప్పు జరిగిందా? అసలు 270 బస్తాల లారీకి ఎన్ని బస్తాలు గుచ్చాలి, ఎక్కడెక్కడ గుచ్చాలి? తేమ ఎక్కువ తేలితే తరుగు (బరువులో తగ్గించేది) ఏ లెక్కన తియ్యాలి? మూడో దానికి ఒక్కో మిల్లులో ఒక్కో మాట చెబుతున్నారు.

పరీక్షగది_మండపేట

మీటరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఏడు బస్తాలు. లారీ వెనకా పక్కలా చేతికి అందేవి బయటి వరుసలే. లోపలి వరుసలూ, కేబిన్ వైపు అడుగు వరుసలూ మీ గొట్టానికి దొరకనే లేదు. లోడు కట్టేటప్పుడు ముందు పడేవి కేబిన్ వైపు అడుగు బస్తాలు. తెల్లారుజామున రైతు కళ్ళంలో ముందు నింపినవి, మంచు పట్టినవి, బరకం (టార్పాలిన్) కింద రాత్రంతా చెమర్చినవి చాలాసార్లు అవే అవుతాయి. ఎవరూ మోసం చెయ్యక్కర్లేదు, లోడు కట్టే వరుసే అలా ఉంటుంది.

ఎన్ని గుచ్చాలి అంటే, పది లోపు బస్తాలైతే అన్నీ. వంద వరకూ అయితే పదికి తగ్గకుండా. వంద దాటితే మొత్తం సంఖ్యకు వర్గమూలం. 270కి 16.4 వస్తుంది, అంటే 17 బస్తాలు. ఇవి లారీ మీద నిలబడి ఏరుకునేవి కావు. దిగుమతి జరుగుతుండగా ముఠా కూలీలు దించే మొదటి బస్తాతో మొదలుపెట్టి ప్రతి పదహారో బస్తాను పక్కన పెట్టించండి. అప్పుడు పై వరుస, మధ్య, అడుగు, కేబిన్ వైపు అన్నీ వాటంతట అవే వస్తాయి. గేటు దగ్గర బయటి నుంచి ఏడెనిమిది బస్తాలు గుచ్చి చూసేది లారీని లోపలికి రానివ్వాలా వద్దా అన్న నిర్ణయం వరకే. లెక్క కట్టాల్సింది దిగుమతి శాంపిల్ మీద.

గొట్టం గుచ్చే పద్ధతి కూడా చూసుకోండి. గొట్టం గాడి (తెరిచి ఉండే వైపు) కిందికి ఉండేలా బస్తా మూల నుంచి ఏటవాలుగా, నడిబొడ్డు దాటేదాకా దూర్చాలి. లోపలికి వెళ్ళాక గొట్టాన్ని అర చుట్టు తిప్పితే గాడి పైకి వస్తుంది, గింజ అందులో పడుతుంది. గాడి పైకి పెట్టి గుచ్చితే దారిలోనే, బస్తా అంచున ఆరిన గింజతోనే నిండిపోతుంది. నడుమ ఉన్న పచ్చి గింజకు చోటే ఉండదు. మీటరు తక్కువ చూపిందని అనుకునే చాలా సందర్భాల్లో అసలు కారణం ఇదే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. 17 బస్తాల గింజను వెంటనే ఒక పళ్ళెంలో కలపకండి. ఒక్కో బస్తాది ఒక్కో చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి బిగించి, నంబరు రాయండి. తేమ ముందు బస్తాబస్తాకూ చూడాలి. అన్నీ అయ్యాక మిగతా పరీక్షల కోసం కలపాలి. కలిపి చూసిన తేమ సగటు మాత్రమే. సగం బస్తాలు 13, సగం 20 ఉన్నా పళ్ళెం 16.5 అనే చెబుతుంది. నెట్టులో వేడెక్కేది సగటు కాదండి, ఆ 20 ఉన్న బస్తాలు.

కలిపిన గింజను పరీక్షకు తగ్గించేటప్పుడు చేత్తో పైపైన పిడికెడు తీసుకోవద్దు. గచ్చు మీద గుడ్డ పరిచి కుప్ప పోసి, చదును చేసి, నాలుగు పాళ్ళు చేయండి. ఎదురెదురు పాళ్ళు రెండు ఉంచి మిగతా రెండు తీసెయ్యండి. కిలో మిగిలేదాకా ఇదే పని. తాలు (గింజ పట్టని పొల్లు) తేలికగా ఉండి పైకి తేలుతుంది, మట్టీ ఇసకా అడుక్కి దిగుతాయి. పిడికిలి శాంపిల్లో తాలు ఎక్కువ, మట్టి తక్కువ కనిపించేది అందుకే.

తేమలెక్క

మండపేట వారు చెప్పిందే మొదటి కారణం. అయినా మీటరును పూర్తిగా వదిలేయకూడదు.

ఎండలో ఆరబోసి మధ్యాహ్నం మూడింటికి ఎత్తిన ధాన్యం సాయంత్రానికి గేటుకు వస్తే గింజ పై పొర ఆరి ఉంటుంది, లోపలి తేమ ఇంకా బయటికి రాలేదు. మీటరు ఎక్కువగా చూసేది పై పొరనే. అదే గింజ రాత్రంతా బస్తాలో ఉంటే లోపలి తేమ పైకి పాకుతుంది, మర్నాడు అదే మీటరు ఎక్కువ చూపిస్తుంది. రైతు సేవా కేంద్రంలో ఒక అంకె, మిల్లు గేటు దగ్గర ఇంకో అంకె వచ్చి గొడవ పడే చోట చాలాసార్లు ఇద్దరి మీటర్లూ సరైనవే. చూసిన వేళ వేరు.

దీనికి తోడు గింజ వేడి. ఎండ లారీలోంచి తీసిన గింజను అప్పటికప్పుడు పోయకండి. మూతి బిగించిన కవర్లో నీడన అరగంట ఉంచి, గది వేడికి వచ్చాక పోయండి. కవరు తెరిచి ఉంచితే ఆ అరగంటలోనే కొంత తేమ పోతుంది. శాంపిల్‌ను చెమట చేత్తో పిసకొద్దు. ఒక్కో కవరుకు మూడు రీడింగులు తియ్యండి. మూడింటి మధ్య తేడా అర పాయింటు (0.5 శాతం) దాటితే మళ్ళీ పోయండి. కప్పు నింపే మీటరైతే ప్రతిసారీ ఒకే ఎత్తు నుంచి పోసి, పైన ఒకే తీరున కొట్టి చదును చేయాలి. తట్టి కుదిస్తే అంకె పెరుగుతుంది. స్క్రూ బిగించి నొక్కే పాత రకమైతే చార్టులో ఆ ధాన్యానికి రాసిన మందం వచ్చేదాకా బిగించాలి. ప్రతి రీడింగు తర్వాత అడుగున అంటుకున్న పిండిని బ్రష్‌తో దులపాలి. అది ఉండిపోతే తర్వాతి అంకె మీద నమ్మకం ఉండదు. సెట్టింగు ధాన్యం మీద ఉందా, బియ్యం మీద ఉందా అని కూడా చూడండి. రాత్రి షిఫ్టులో బియ్యం తేమ చూసి, పొద్దున్న అలాగే ధాన్యం పోస్తుంటారు.

మీటరు నిజం చెబుతోందా అంటే ఓవెన్‌తోనే తేలుతుంది. 10 గ్రాముల చొప్పున మూడు మూతల గిన్నెల్లో ధాన్యం తూచి, 130 డిగ్రీల ఓవెన్లో మూతలు తీసి 16 గంటలు ఉంచండి. సాయంత్రం ఐదింటికి పెడితే మర్నాడు తొమ్మిదింటికి తియ్యొచ్చు. మూత వేసి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న గాజు పాత్రలో చల్లారాకే తూచాలి. వేడి గిన్నెను తూచితే కాటా అంకె నిలవదు. 10 గ్రాములు 8.30 అయిందంటే 1.70 గ్రాముల నీరు పోయింది, తేమ 17.0. అదే గింజకు మీ మీటరు 16.2 చూపి ఉంటే ఆ రకానికి, ఆ స్థాయిలో 0.8 కలుపుకోవాలి. ఇది 14 దగ్గర ఒకసారి, 17 దగ్గర ఒకసారి, 20 దగ్గర ఒకసారి చెయ్యండి. తేడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు, తేమ పెరిగేకొద్దీ మారుతుంది. రకం మారినా, సార్వా (ఖరీఫ్) నుంచి దాళ్వాకు మారినా మళ్ళీ చెయ్యాలి. కాటా 0.01 గ్రాము చూపేది కావాలి, లేకపోతే ఈ శ్రమంతా దండగ.

మీ 18.2 రీడింగు గురించి ఒక మాట. అది వెచ్చబడిన చోట తీసిన గింజ. ఆ చోటు సంగతే అది చెబుతుంది, లారీ మొత్తం సంగతి కాదు. 16.4 సగటు, 18.2 ఒక మూల. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఉప్పుడు_బాయిలర్

నూక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను.

మొదట, 18.2 తేమ ఉన్న గింజను ఆడించి నూక లెక్కపెట్టడం సరికాదు. ఆ తేమలో గింజ మెత్తగా ఉండి పాలిష్‌లో నలుగుతుంది, తవుడు జల్లెడకు అంటుకుంటుంది. పరీక్షకు తీసిన గింజను నీడన పల్చగా పరిచి, 13 నుంచి 14కు వచ్చాక ఆడించండి. తొందరపడి ఎండలో పోస్తే మీ పరీక్షే గింజను పగలగొడుతుంది.

రెండోది, ఈ లెక్క ఎలా రాస్తున్నారో ముందు తేల్చుకోండి. శుభ్రం చేసిన ధాన్యం 100 గ్రాములు తీసుకుంటే ఊక పోయి ముడి బియ్యం 78 నుంచి 80 గ్రాములు, పాలిష్ అయ్యాక 68 నుంచి 70 గ్రాములు వస్తుంది. 69 గ్రాముల బియ్యంలో నూక 17.25 గ్రాములు ఉందనుకోండి. బియ్యం మీద లెక్కిస్తే 25 శాతం, ధాన్యం మీద లెక్కిస్తే 17.25 శాతం. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాసుకుని వాదించుకుంటున్నారు. ప్రభుత్వానికి మరపట్టి ఇచ్చే బియ్యానికి నూక హద్దు పచ్చి బియ్యానికి 25, ఉప్పుడు బియ్యానికి 16 అని ఎన్నో సీజన్లుగా నడిచింది. అది బియ్యం మీద లెక్క. గింజ పొడవులో నాలుగింట మూడు వంతుల కంటే తక్కువ ఉన్న ముక్కనే నూక అంటారు, కొస విరిగిన ప్రతి గింజనూ కాదు. ఆ కొలత చూడకుండా ఏరితే 3, 4 శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది.

అసలు కారణం పగుళ్ళు. వరికోత మిషనుతో కోసిన ధాన్యం 20 నుంచి 24 తేమతో రోడ్డు మీదికి వస్తుంది. ఏప్రిల్, మే ఎండకు తారురోడ్డు మీద పల్చగా పోస్తే పై పొర బిగుసుకుపోయి లోపల సన్నని గీతలు పడతాయి. దానికంటే చెడ్డది, ఆరిన గింజ మళ్ళీ తడవడం. 14కు ఆరిన గింజ మీద రాత్రి మంచు పడినా, చినుకు పడినా, అదే బస్తాలో పక్కనే 20 గింజ ఉన్నా ఆరిన గింజ తేమను పీల్చుకుని అడ్డంగా చీలుతుంది. ‘తడిదాంట్లో పొడిది కలిపితే సర్దుకుంటుంది’ అని రాశిలో కలిపేవాళ్ళు ఉన్నారు. తేమ సర్దుకుంటుందండీ, బియ్యం విరిగిపోతుంది. మీ 31 శాతంలో కొంత భాగం అక్కడిదే అని నా అంచనా.

దీన్ని గేటు దగ్గరే చూడొచ్చు. వంద గింజలు తీసుకుని గోళ్ళతో ఊక ఒలవండి. మిషన్‌తో ఒలిస్తే అదే పగలగొడుతుంది. ఫోను టార్చి వెలిగించి బోర్లించి, పైన గాజు పలక పెట్టి, దాని మీద గింజలు పరవండి. పగిలిన గింజలో వెంట్రుకంత నల్లటి గీత అడ్డంగా కనపడుతుంది, ఒక్కో గింజలో రెండు మూడు కూడా. వందలో 5, 6 అయితే మామూలే. 20 దాటితే ఆ ధాన్యాన్ని పచ్చి బియ్యానికి పెట్టకుండా ఉప్పుడుకు మళ్ళించడం మంచిదని నా అభిప్రాయం. నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు లోపలి పిండి ఉడికి పగులు అతుక్కుంటుంది. దాళ్వా పంట ఎక్కువగా ఉప్పుడుకే వెళ్ళడానికి ఇదే కారణం. పగులు ఆరిన వెంటనే పూర్తిగా కనపడదు. ఈ రోజు ఆరిన ధాన్యానికి రేపు మళ్ళీ ఒకసారి చూడాలి.

కాలవ_కింద_మాగాణి

మిల్లు వైపు నుంచి అంతా చెప్పారు. పండించేవాళ్ళ వైపు నుంచి రెండు మాటలు.

ఏజెంటు లారీ అంటే ఒక రైతు ధాన్యం కాదు. నలుగురైదుగురివి కలిసి వస్తాయి. ఒకరు నాలుగు రోజులు ఆరబోసి 14కు తెస్తారు. ఇంకొకరికి రోడ్డు మీద చోటు దొరక్క, మబ్బు పట్టిందని భయపడి 20తోనే ఎత్తేస్తారు. మీరు సగటు తీసి లారీ మొత్తానికి తరుగు వేస్తే ఆరబెట్టినవాడి కష్టం తడిదానికి పోతుంది. వచ్చే పంటకు ఆయన మాత్రం ఎందుకు ఆరబెడతాడు? అందుకే రైతు వారీగా బస్తా మూతి కుట్టే దారం రంగు మార్చమనండి. ఒకరికి ఎరుపు, ఒకరికి పచ్చ, ఒకరికి నీలం. వే బిల్లు మీద ఏ రంగు ఎవరిదో, ఎన్ని బస్తాలో రాస్తే చాలు. దిగుమతిలో రంగు వారీగా నెట్టు కట్టించండి. ఖర్చు దారం ఖర్చే.

రెండోది, మీటరును రైతు ఎదురుగా పోయండి. మూడు రీడింగులూ ఆయన చూసేలా పలక మీద రాయండి. శాంపిల్ మూడు కవర్లు చేసి, ఒకటి రైతుకో ఏజెంటుకో, ఒకటి మిల్లుకు, ఒకటి తగాదా వస్తే తెరవడానికి సీలు వేసి ఉంచండి. గుడ్డ సంచిలో కడితే తేమ ఎగిరిపోతుంది. రెండు పొరల ప్లాస్టిక్ కవరు కావాలి, లోపల లారీ నంబరు, తేదీ, బస్తా నంబరు చీటీ ఉండాలి.

ఆరబోత గురించి కూడా చెప్పేస్తాను, రైతులు చదువుతారు కాబట్టి. పొర మందం రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు, అరగంటకోసారి కాలితోనో చెక్కతోనో సాలు మార్చి గింజ తిరగేయాలి. నడినెత్తిన ఎండ వచ్చినప్పుడు గింజ చెయ్యి కాలేంత వేడెక్కితే రెండు గంటలు కుప్ప చేసి బరకం కప్పాలి. సాయంత్రం మంచు పడకముందే ఎత్తాలి. రోడ్డు మీద నేరుగా పోసే బదులు కింద బరకం పరిస్తే కంకర రాయి తగ్గుతుంది, ఎత్తడం కూడా తేలిక.

గేటు_శాంపిల్ (తణుకు వైపు, మిల్లు దిగుమతి పని)

అందరికీ ధన్యవాదాలు. అదే ఏజెంటు నుంచి నిన్న ఇంకో 270 బస్తాల లారీ వచ్చింది. మీరు చెప్పినట్టు దిగుమతిలో ప్రతి పదహారో బస్తా పక్కన పెట్టించి 17 కవర్లు చేశాం. అరగంట నీడన ఉంచి చూసిన అంకెలు ఇవి (ఒక్కోటి మూడు రీడింగుల సగటు):

14.1, 14.3, 14.4, 14.2, 14.8, 15.0, 14.6, 14.9, 15.2, 14.5, 14.7, 14.5, 19.8, 20.1, 20.4, 20.7, 21.0

మొత్తం సగటు 16.3. మొన్నటి లారీ 16.4 కదా, దాదాపు అదే అంకె. పక్కనబెట్టిన వరుసలోనే రాశాను. చివరి ఐదూ దిగుమతి చివర్లో, కేబిన్ వైపు అడుగు నుంచి వచ్చినవే. ఇప్పుడు ఈ లారీకి తరుగు ఎలా వెయ్యాలి?

తేమలెక్క

ఎంత స్పష్టంగా కనపడుతోందో చూడండి. 15.2కూ 19.8కీ మధ్య ఒక్క బస్తా కూడా లేదు. ఇది ఒక ధాన్యం కాదు, రెండు ధాన్యాలు.

17లో 5 తడివంటే 270లో సుమారు 79. ఇది అంచనా మాత్రమే. ఇలా రెండు గుంపులుగా తేలినప్పుడు 17తో ఆగకుండా దిగుమతి చివరి మూడో వంతు బస్తాలన్నీ గుచ్చి చూడాలి. ఇద్దరు మనుషులుంటే దిగుమతితో పాటే అయిపోతుంది. మీటరు అక్కర్లేదు, పంటి కింద పెట్టినా తెలుస్తుంది. 14 గింజ టక్కున విరుగుతుంది, 20 గింజ నలిగి సాగుతుంది. అనుమానం ఉన్నవాటికే మీటరు.

తరుగు లెక్క ఒకటే సూత్రం: బరువును, వచ్చిన తేమకూ ఉండాల్సిన తేమకూ మధ్య తేడాతో గుణించి, వందలోంచి ఉండాల్సిన తేమ తీసేస్తే మిగిలిన దానితో భాగించాలి. పాయింటుకు ఒక శాతం తీస్తే సరిపోదు. 20.4ను 17కు తేవాలంటే తేడా 3.4, దాన్ని 83తో భాగిస్తే 4.10 శాతం. 75 కిలోల బస్తాకు 3.07 కిలోలు. 79 బస్తాల 5,925 కిలోలకు 243 కిలోలు. గోడకు రాసి పెట్టుకోవాలంటే, 17 మీద ఒక్కో పాయింటుకు 75 కిలోల బస్తాకు 904 గ్రాములు. అంతకు మించి తీస్తే అది తేమ తరుగు కాదు.

2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటా 2,369 రూపాయలు. ఆ 243 కిలోలు ఆ లెక్కన దాదాపు 5,757 రూపాయలు. సగటు 16.3 చూసి దించుకుంటే ఇది మిల్లుకు నష్టం. ‘ఏదో తడి తగిలింది’ అని 270 బస్తాలకూ తలా కిలో తీస్తే ఆరబెట్టిన రైతులకు నష్టం. ఈ తరుగు నీటి బరువు వరకే. 17 నుంచి 14కు ఆరబెట్టే ఖర్చూ, ఆ బరువూ మిల్లువే, ఎందుకంటే కొనేటప్పుడు 17 వరకూ ఒప్పుకున్నదే.

గోనె బరువు మర్చిపోవద్దు. కొత్త 50 కిలోల జనపనార సంచి 580 గ్రాములు ఉండాలి. వాడిన సంచి, ప్లాస్టిక్ సంచి అయితే ఖాళీవి పది తూచి సగటు తీసుకోండి, అందాజుగా వద్దు.

పరీక్షగది_మండపేట

తేమ తేలింది కాబట్టి మిగతావి కూడా అదే శాంపిల్లో చూసెయ్యండి. పూర్తిగా వేరే పని కాదు. ప్రభుత్వ కొనుగోలు హద్దులు ఇవి: మట్టి, రాయి 1 శాతం, తాలు, గడ్డి 1 శాతం, చెడిన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజ కలిపి 5 శాతం, అందులో రంగు మారినవి కాకుండా మిగతావి 4 దాటకూడదు, పండని, ముడుచుకున్న గింజ 3, తక్కువ రకం కలగలుపు 6, తేమ 17.

100 గ్రాములు తూచి ఏరితే ఒక్కో గ్రాము ఒక్కో శాతం, భాగహారం అక్కర్లేదు. మొదట జల్లెడ పట్టి మట్టీ ఇసకా తూచండి, తర్వాత ఊది తాలు తియ్యండి, తర్వాత తెల్ల కాగితం మీద చేత్తో ఏరండి. పచ్చగా, పల్చగా ఉన్న గింజ ఎక్కువైతే మిషను ముందే కోసేసిందని అర్థం. అది మరలో పిండైపోతుంది. సార్వాలో దీనికంటే మొలక మీద కన్ను ఉండాలి. డిసెంబరు 2023లో మిచాంగ్ తుపాను వచ్చినప్పటిలా కోతకొచ్చిన చేను పడిపోయి నీళ్ళలో ఉంటే కంకి మీదే మొలక వస్తుంది. మొలక ఎండి రాలిపోయినా గింజ కాడ వైపు కొసన చిన్న గుంట మిగులుతుంది. ఊక ఒలిచి భూతద్దంతో చూస్తేనే దొరుకుతుంది. రంగు మారిన గింజ కూడా ఊక మీద కనపడదు, ఒలిచాకే.

కలగలుపుకు ఊక రంగు, గింజ పొడవు చాలు. ఎంటీయూ 1010 గింజ పొడుగ్గా సన్నంగా ఉంటుంది, స్వర్ణ ఊక బంగారు ఎరుపు. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలైనా చెబుతారు. ప్రతి రకానికీ శుభ్రమైన గింజ సీసాలో పోసి గేటు దగ్గర ఉంచుకోండి. మారుటేరు పరిశోధన కేంద్రం రకాలు (ఎంటీయూవి) చాలావరకు చూపుకు దగ్గరగా ఉంటాయి, జ్ఞాపకంతో చెప్పకండి.

రాయీ మేకూ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రోడ్డు కంకర, రాళ్ళు తీసే యంత్రంలో పోతుందనుకుంటాం, కానీ గింజంత సైజు రాయి కొంత దాటిపోయి ఊక తీసే రబ్బరు రోలును కోసేస్తుంది. గేటు శాంపిల్లో అలాంటి రాళ్ళు కనపడితే ఆ లారీ ఆడే రోజున రోలు గ్యాపు రెండుసార్లు చూడమని చీటీ రాసి పెట్టండి.

ఉప్పుడు_బాయిలర్

చివరగా ఆ తడి 79 బస్తాలకు ఏం చేయాలంటే, నెట్టు కట్టకండి. ఈ ఎండల్లో 20 తేమ గింజ బస్తాలో రెండు రోజులుంటే పసుపు తిరుగుతుంది. పసుపు గింజ ఉప్పుడు చేసినా పోదు. వచ్చిన 24 గంటల్లో డ్రయ్యరులోకి వెళ్ళాలి. ఒక్క విడతలో 2, 3 పాయింట్లకు మించి తీయకండి. తీశాక కనీసం నాలుగు గంటలు గోతిలో (ధాన్యం నిలవ ఉంచే చోట) నిలవనిచ్చి, లోపలి తేమ పైకి వచ్చాక మళ్ళీ తిప్పండి. 20.4ను ఒకేసారి 14కు దించితే మీరు గేటు దగ్గర లెక్కపెట్టిన పగుళ్ళు మీ డ్రయ్యరులోనే పుడతాయి.

డ్రయ్యరు ఖాళీ లేకపోతే బస్తాలు విప్పి గచ్చు మీద పల్చగా పోసి, ఫ్యాన్లు పెట్టి, రాత్రంతా సాలు మార్పించండి. ఆరదు గానీ వేడెక్కకుండా తెల్లారుతుంది. ఆరినవి మాత్రం నెట్టు కట్టండి. అడుగున చెక్కలు వేసి, గోడకు ఒకటిన్నర అడుగు వదిలి, మూడో రోజున, ఏడో రోజున నెట్టు మధ్యలోకి ఇనుప కడ్డీ దూర్చి పది నిమిషాల తర్వాత బయటికి లాగి చేత్తో పట్టుకోండి. కడ్డీ మొన పిడి కంటే వెచ్చగా ఉంటే ఆ వరుస అప్పటికప్పుడు విప్పాలి. మొన్నటి లారీ నెట్టు కూడా ఈ రోజే అలా చూసి, వెచ్చబడిన బస్తాలు వేరు చేసి ఆరబెట్టించండి. వాటిని మిగతా ధాన్యంలో మాత్రం కలపొద్దు.